ఆగిన చుక్క

అన్నయ్యా,

నిన్న చేపల వేట నుంచి వస్తుంటే, పొద్దుగూకిన కాసేపటికి జీపీఎస్‌లో మన బోటు చుక్క ఆగిపోయింది. బోటు మాత్రం నడుస్తూనే ఉంది. లైట్‌హౌస్ వెలుగు కనబడేదాకా అంతర్వేది నరసింహస్వామినే తలుచుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి, డిగ్రీ చదువుతున్న నీ కూతురికి చెప్పాను.

"మనం భూమధ్యరేఖకి దగ్గర కదా బాబాయ్. పొద్దుగూకేటప్పుడు ఆకాశంలో బాగా పైన వీచే గాలుల వల్ల అక్కడి విద్యుత్ పొర పైకి లేస్తుంది. అందులో బుడగలు పుట్టి జీపీఎస్ సిగ్నల్ చెదిరిపోద్ది," అంది.

మళ్లీ తనే అడిగింది. "నాన్న గల్లంతైన రోజు కూడా, ఒడ్డున ఆఫీసులో కనబడే నాన్న బోటు చుక్క ఆ వేళకే ఆగింది కదా?"

నిన్ను వెతికింది ఆ చుక్క చుట్టూనే. ఎల్లుండి నీ సంవత్సరీకానికి పూలు కూడా అక్కడే వదులుదామంటోంది వదిన. నాకు భయంగా ఉంది అన్నయ్యా. చుక్క ఆగాక కూడా నీ బోటు నడుస్తూనే ఉందేమో.