నాయిన బంద్ చేసిన పెట్రోలు

మోత్కూరు

చెల్లె గ్లోరీకి అన్న విజేందర్ రాసేది. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కదా, అందుకే ఈ కార్డు. అమ్మ తింటోంది, రంది పడకు.

నాయిన పోయినప్పటి నుంచి ఆయన బండి వాకిట్లోనే ఉంది. నిన్న అమ్మను దవాఖానకు తీసుకుపోదామంటే స్టార్ట్ కాలేదు. ప్లగ్గు తీసి ఉప్పుకాగితంతో రుద్దాను. కాలు నొప్పి పుట్టేదాకా కిక్కు కొట్టాను. అంతా చూసి అమ్మ, "పెట్రోలు బంద్ ఉందేమో చూడు బిడ్డా. కారుతాందని మీ నాయిన ఇంటికి రాంగనే బంద్ చేస్తుండె" అన్నది. నిజంగానే నాబ్ మూసి ఉంది. తిప్పి కొడితే రెండో కిక్కుకే స్టార్టయింది.

నేను సంబరపడ్డాను. అమ్మ మాత్రం ఆ నాబ్ వంకే చూస్తూ, "ఆయన చెయ్యి ఆఖరుకు పడ్డది దానిమీదనే. జర ఆగితే నేనొకపారి ముట్టుకుందు గదరా" అన్నది.

దుప్పటి చాలుతోందా? పరీక్ష ఫీజు కట్టాను. సెలవులు ఎప్పుడో రాయి. ప్రభువు నీకు తోడుండాలి.

అంచున కొంచెం జాగా ఉంది. బస్టాండుకు ఆ బండి మీదే వస్తాను. చప్పుడు విని నాయిన అనుకునేవు, ముందే చెబుతున్నాను.