పంతొమ్మిదో పెట్టె

తంజుంగ్ సెలుమార్, తూర్పు కాలిమంతాన్.

జిల్లా పర్యావరణ అధికారి గారి సముఖమునకు, రేవు పక్క నీళ్ళలో గుంజల మీద ఇల్లు కట్టుకుని బతుకుతున్న బెద్దు అను జాలరి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విషవాయువు ఎటు పోవునో చెప్పే కంప్యూటరు లెక్కలో మా ఊరిని సముద్రముగా చూపుట, మాకు సైరను లేకుండుట గురించి.

1. రేవులో అమ్మోనియా ట్యాంకు పగిలితే ఆ వాయువు నీళ్ళ మీద ఎటు పోవునో కంప్యూటరు ముందే చెప్పునట. అది నిజమో కాదో తేల్చుటకు తమ శాఖవారు గత నెల పద్నాలుగున హాని లేని వాయువొకటి రేవు నుండి వదిలి, పద్దెనిమిది పడవలలో గాలి పట్టే పెట్టెలు ఉంచినారు. పడవలు చాలక పంతొమ్మిదో పెట్టెను మా అరుగు మీద పెట్టినారు. నా భార్య హాసియా దానిని బట్టలారేసే తాడుకు కట్టినది.

2. వాయువు నడిసముద్రానికి పోవునని కంప్యూటరు చెప్పినది. పొద్దెక్కితే గాలి ఊరి వైపు తిరుగునని నేను మనవి చేసుకొంటిని. ఎవరూ చెవిన పెట్టలేదు. అన్నిటికన్నా ఎక్కువ వాయువు మా పెట్టెలోనే దొరికినది.

3. తమ నివేదికలో మా పెట్టె లేదు. అడిగితే తమ ఇంజనీరు, "బాబాయ్, మ్యాపులో అక్కడ నీళ్ళే ఉన్నాయి. నీళ్ళ మీద మనుషులుండరు కదా, అందుకే ఆ లెక్క తీసేశాం" అన్నాడు. ఉండరా? మూడు వందల పన్నెండు మందిమి ఉన్నాము. నా మనవరాలు ఆ అరుగు మీదే పుట్టినది. పెట్టె పెట్టించుటకు వచ్చిన నాడు తమరు ఆ అరుగు మీదే కూర్చుని కాల్చిన చేపలు రెండు పళ్ళేలు తిన్నారు. ఉప్పు తక్కువైనదని కూడా సెలవిచ్చినారు.

4. మనుషులు లేని చోటికి సైరనెందుకని జాబితాలో మా ఊరిని వదిలేసినారు. నిరుడు అమ్మోనియా పైపు లీకైనప్పుడు గట్టు మీది ఊరికి సైరను మోగినది, వాళ్ళు పరుగెత్తినారు. మాకు మోగలేదు. ఆటు సమయం, పడవలన్నీ బురదలో ఉన్నాయి. గట్టుకు చేరడానికి ఉన్నది ఒక్క చెక్క వంతెన. మా అత్తకు చూపు ఆ రోజే పోయింది. ఇంకా మర్యాదగా రాయమంటారా? కడుపు మండిపోతోందయ్యా.

వచ్చే నెల కొత్త ట్యాంకు నింపుదురట. అంతకు ముందే మా పెట్టె లెక్క తిరిగి చేర్చి, మా వంతెన మొదట్లో సైరను పెట్టించవలెను. మమ్మల్ని కాకపోయినా, తమ పెట్టెనైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బెద్దు

తా.క.: చేపలు తిన్న ఆ నాడే, ఆటు మొదలైంది, పడవ ఇరుక్కుంటుందని మీ సరంగు కేకేయగానే తమరు బూట్లు వదిలేసి ఒట్టికాళ్ళతో పడవలోకి దూకారు. మిమ్మల్ని కేకేయడానికి సరంగున్నాడు. మాకెవరున్నారు? బూట్లు మా అరుగు మీదే ఉన్నాయి. మీ మ్యాపు ప్రకారం సముద్రంలో ఉన్నాయి. ఇంతవరకు తడవలేదు. వచ్చి తీసుకెళ్ళండి, వచ్చేటప్పుడు సైరను పట్టుకురండి.