ఒకే చెరువు, రెండు టేబుళ్లు

జూలై 7, సోమవారం
పొద్దుటి నుంచి కరెంటు పోవడం, రావడం... అయినా హుషారే. డేటాబేస్ కొత్త వెర్షన్ ఎక్కించా. తల్లి టేబుల్ ఒకటి రాస్తే చాలు, దాని కాలమ్స్ అన్నీ పిల్ల టేబుళ్లకి వాటంతటవే వచ్చేస్తాయి. తల్లి — చెరువు. పిల్లలు — చేపల చెరువు, రొయ్యల చెరువు. పైథాన్‌లో అడిగితే చెరువు వివరాలన్నీ ఒక్క మూటగా చేతికొస్తున్నాయి, ఒక్కో కాలమ్ విప్పి పేర్చుకునే పని లేదు. ముచ్చటేసింది. పక్క సీట్లో కోడు రాస్తున్న రిజ్వానాకి చూపించా. బాగుందే అంది, చూపు మాత్రం ఫోన్‌లోనే.

జూలై 8
ఫోన్‌లో ఏముందో తెలిసింది. బెంగళూరులో ఉద్యోగం. శుక్రవారంలోగా చెప్పాలట. గురువారం కలిదిండిలో చెరువులున్న రాజుగారికి మా చెరువుల లెక్కల ప్రోగ్రాం నచ్చితే ఇక్కడే ఉంటుంది, లేకపోతే వెళ్తుంది. సూటిగానే చెప్పింది. ఏలూరు ఆఫీసంటే మేమిద్దరమే. తను వెళ్తే ఇంక ఆఫీసెక్కడిది? భయమేసింది.

జూలై 9
రిజ్వానా వాళ్లమ్మగారు కైకలూరు నుంచి క్యారేజీ పంపారు. రొయ్యల వేపుడు, కట్ల చేప పులుసు. రెండూ ఒకే చెరువులోవట. ముద్ద నోట్లో ఉండగానే ఆగిపోయా. రొయ్యల చెరువులో చేపపిల్లల్ని కూడా వదులుతారు కదా... నేను పుట్టి పెరిగింది కలిదిండిలో. ఆ కూరలే తింటూ పెరిగి, కొత్త ఫీచర్ మోజులో పడి, చేపలకొకటి రొయ్యలకొకటి టేబుల్ కట్టా. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.
రాజుగారి పదెకరాల చెరువునే రెండు పిల్ల టేబుళ్లలోనూ వేసి, మొత్తం ఎకరాలెన్నని తల్లి టేబుల్ని అడిగాం. పదెకరాలు ఇరవై అయ్యాయి.
"ఇలాగే చూపిద్దామే, రాజుగారు సంతోషిస్తారు" అంది రిజ్వానా. నవ్వు ఆపుకోలేక నాకు పొలమారింది.
సాయంత్రానికి పిల్ల టేబుళ్లు తీసేశాం. చెరువు ఒక్కటే. అందులో పెంచేవన్నీ ఒకే కాలమ్‌లో వరసగా — పేరు, వదిలిన రోజు, వేసే మేత. ఈ డేటాబేస్లో అలాంటి కాలమ్ రకాన్ని మనమే తయారుచేసుకోవచ్చు. పైథాన్ వైపు కోడు తను రాసింది.

జూలై 10
కలిదిండి. చెరువు గట్టు మీద షెడ్డు. రాజుగారే టైపు చేశారు. రొయ్యలు, కట్ల, శీలావతి చేపలు — అన్నీ ఒక్క చెరువు కిందే. ఎకరాలు పదే.
"పర్లేదండీ" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. టీ తెప్పించి, అవతలి గట్టు చూపిస్తూ మెల్లిగా అడిగారు.
"ఏవండీ, అవతలి చేపల చెరువు మీద మాకు బాతులున్నాయి కదండీ. వాటి రెట్టే చేపలకి మేత. మరి బాతుల్ని ఎక్కడ రాయాలంటారు?"
బాతులు పెంచేవాటి కిందా, మేత కిందా...

జూలై 11, శుక్రవారం
బాతులు కూడా పెట్టాక రమ్మన్నారు రాజుగారు. ఔననలేదు, కాదనలేదు.
రిజ్వానా నాకంటే ముందే ఆఫీసుకొచ్చింది. బెంగళూరుకి జవాబివ్వాల్సింది ఇవాళే. సాయంత్రం అయిదైంది. తన స్క్రీన్‌లో ఓ పక్క జవాబు మెయిల్ తెరిచే ఉంది, ఒక్క అక్షరం లేదు. రెండో పక్క కోడు. బాతు గుడ్లని ఏ కాలమ్‌లో పెడదామే అంటోంది...