ఫిజిక్స్ మేజర్, స్ట్రెంగ్త్ ఒకటి

సెప్టెంబర్ 15

రుచిత కూడా డేటా సైన్స్‌కి మారిపోయింది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని సారీ చెప్పింది. బీఎస్సీ ఫిజిక్స్‌లో నలుగురం చేరాం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

సెప్టెంబర్ 16

ఫిజిక్స్ చెప్పే ఛాయాదేవి మేడం ఖాళీ బెంచీల వైపు ఒకసారి చూశారు. రిజిస్టర్ తెరిచి నా పేరు పిలిచారు. ప్రెజెంట్ మేడం అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

తర్వాత క్లాసంతా న్యూటన్ రెండో సూత్రం ఒక్కటే చెప్పారు. ఇంటర్‌లో దీని మీద ఎన్ని లెక్కలు చేయించారో! షార్ట్‌కట్లు బట్టీ పట్టించారు. ఫోర్స్ అంటే అసలు ఏంటి సార్ అని అడిగితే, ఎంసెట్‌లో రాదు కూర్చో అన్నారు. మేడం మాత్రం అడిగిన ప్రతిసారీ ఆగారు. ఒక ప్రశ్నకి తనకీ సరిగ్గా తెలియదని, రేపు చూసి చెప్తానని అన్నారు. లెక్చరర్ నోట ఆ మాట వినడం నాకిదే మొదటిసారి.

సెప్టెంబర్ 24

ప్రిన్సిపల్ గారు పిలిచారు. ఒక్కరి కోసం కోర్సు నడపడం కష్టమట. కంప్యూటర్స్‌లో సీటు ఉందట. నాన్నని తీసుకురమ్మన్నారు. మెత్తగా చెప్పారు. అందుకే ఎక్కువ భయమేసింది.

నాన్న సిటీ బస్ కండక్టర్. కంప్యూటర్స్ తీసుకోమని మొదటినుంచీ చెప్తున్నాడు. ఇక అయిపోయినట్టే.

సెప్టెంబర్ 26

నాన్న యూనిఫాంలోనే వచ్చాడు. ఇక్కణ్ణుంచి నేరుగా డ్యూటీకి. ప్రిన్సిపల్ గారు చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాన్న, అక్కడే కూర్చున్న మేడం వైపు తిరిగి, మా అమ్మాయికి ఈ చదువు వస్తుందాండీ అని అడిగాడు.

మేడం వెంటనే పొగడలేదు. "అప్పుడే చెప్పలేనండీ డేనియల్ గారూ. కానీ అర్థంకాందాన్ని వదిలిపెట్టదు. అలాంటి పిల్ల వచ్చి చాలా రోజులైంది నాకు."

నాన్న ప్రిన్సిపల్ గారి వైపు తిరిగాడు.

"అయితే ఉంచండి సార్. బస్సు బయల్దేరాక ఒక్క ప్యాసింజరే ఉన్నా చివరి స్టాపు దాకా తీసుకెళ్తాం కదండీ మేము."

ప్రిన్సిపల్ గారు ఒప్పుకున్నారు. నా డిగ్రీ పూర్తయ్యేదాకా నడుపుతారట. వచ్చే ఏడు మాత్రం కొత్తగా ఫిజిక్స్ ఆఫర్ చెయ్యరట. అంటే నా తర్వాత ఎవరూ ఉండరు. గెలిచానో ఓడానో తెలియడంలేదు.

బస్టాపు దాకా నాన్నతో నడిచాను. ఫిజిక్స్ చదివితే ఏ ఉద్యోగం వస్తుందని అడిగాడు. తెలిసినవి చెప్పాను. సరేలే అన్నాడు.

నవంబర్ 4

ల్యాబ్. కాంపౌండ్ పెండ్యులం. ఇనుప పట్టీకి వరసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రం దగ్గర వేలాడదీసి, ఊపి, ఇరవై ఊపులకి ఎంత టైమ్ పడుతుందో చూడాలి. దాన్నుంచి g, అంటే గురుత్వ త్వరణం, సెంటీమీటర్లలో లెక్కకట్టాలి. గాలికి పట్టీ అటూ ఇటూ కదులుతుందని ఫ్యాన్ ఆపాం. చెమటలు.

ఇద్దరు చేసే పని. లెక్కపెట్టేది నేనే, స్టాప్‌వాచ్ నొక్కేదీ నేనే.

1084 వచ్చింది. పుస్తకంలో 980. రీడింగులు కొంచెం సర్దేద్దామా అనిపించింది. మేడం గ్రహించినట్టున్నారు. నంబర్ని ముట్టుకోవద్దు, తప్పెక్కడుందో వెతుక్కో అన్నారు.

నవంబర్ 5

దొరకలేదు.

నవంబర్ 6

దొరికింది! వాచీ నొక్కుతూనే 'ఒకటి' అంటున్నాను. సున్నాతో మొదలుపెట్టాలి. నేను ఇరవై అనుకున్నవి నిజానికి పంతొమ్మిదే.

మొత్తం మళ్లీ చేశాను. 979.

ఈ నంబర్ పుస్తకంలోంచి ఎత్తింది కాదు. మా బెజవాడలో, మా ల్యాబ్‌లో, నా చేతులతో కొలిచింది. మేడం సంతకం పెట్టి, పేపర్ నాకిచ్చారు.

ఫిబ్రవరి 10

గుణదల మేరీమాత తిరునాళ్లు. ఇంటినిండా చుట్టాలు. శౌరమ్మ అత్త క్లాసులో ఎన్నో ర్యాంకు అని అడిగింది. ఫస్ట్ అన్నాను. అందరూ సంతోషించారు. లాస్ట్ కూడా నేనే అని చెప్పేలోపు నాన్న నా ప్లేట్‌లో ఇంకో ముక్క వేశాడు.

మార్చి 30

మేడమూ నేనూ కలిసి, పరీక్షలు అయిపోయిన ఇంటర్ పిల్లల్ని ల్యాబ్‌కి పిలిచాం. ప్రిన్సిపల్ గారు పర్మిషన్ ఇచ్చారు, కోర్సు మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు. మూడు కాలేజీల నుంచి వచ్చారు. వాచీ వాళ్ల చేతికే ఇచ్చాను. అందరూ ఒకటితోనే మొదలుపెట్టారు. నేను చెప్పలేదు. వెతకమన్నాను.

కూచిపూడి దగ్గర్నుంచి వచ్చిన ఒకమ్మాయి, పేరు స్టెల్లా, లంచ్‌కి వెళ్లలేదు. బస్సు ఎక్కమని వాళ్ల సార్ రెండుసార్లు పిలిచారు. తప్పు దొరికాకే వెళ్లింది. వెళ్తూ, ఈ కోర్సు వచ్చే సంవత్సరం ఉంటుందా అక్కా అని అడిగింది. ప్రిన్సిపల్ గారు పక్కనే ఉన్నారు. నేను ఆయన్నే చూశాను.

జూలై 9

కాలేజీ ప్రాస్పెక్టస్ వచ్చింది. బీఎస్సీ ఆనర్స్, ఫిజిక్స్ మేజర్. ఉంది! నాన్నకి ఫోన్ చేస్తే బస్సులో గోల. టికెట్ టికెట్ అంటూనే సంగతి విన్నాడు. తర్వాత పక్కనెవరికో చెప్పడం వినిపించింది. మా అమ్మాయి కోర్సండీ అది.

ఆగస్టు 27

మేడం సెలవు. ఫస్టియర్ వాళ్లకి ల్యాబ్ నేనే చూపించాను. స్టూళ్లు సరిపోక ఇద్దరు నిలబడ్డారు. వెనకనుంచి ఎవరో నన్ను మేడం అని పిలిచారు.

సరిచెయ్యలేదు.