ఎద్దు మూపురం

ఆదివారం, 2011. మానుకోట.

రేపు తెలంగాణ బంద్. అందుకే వదిన ఈ సాయంత్రమే నన్ను ఎగ్జిబిషన్‌కు లాక్కుపోయింది. రోలర్ కోస్టర్ చిన్నదే కానీ, మైకులో కోస్తా యాసతో ఒకతను దాని ఒక్కో మలుపునూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. వరుస ఎత్తుపల్లాలను 'క్యామెల్ బ్యాక్' అన్నాడు.

"అంటే ఏంది?" అంది వదిన.

ఒంటె వీపులా ఉంటుంది కనక ఆ పేరన్నాను.

"మనకాడ ఒంటెలు ఏడున్నయి? గిది ఎద్దు మూపురం!"

వాళ్ల పొలంలో ప్రతి మడికీ దాని ఆకారాన్ని బట్టి ఓ పేరుంటుంది: పాము మడి, కొడవలి మడి. ఇక ఊరుకుంటుందా? ఎక్కి కూర్చున్నాక బండి ఎగిరినప్పుడల్లా "ఎద్దు మూపురం వచ్చె!" అని ఒకటే కేక. మైకతను నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. సినిమాల్లో మన యాస వినపడగానే జనం నవ్వే నవ్వే ఇదీ అనుకున్నాను.

దిగి గేటు దాకా వచ్చామో లేదో, వెనక నుంచి మైకు: "వచ్చేస్తోందండీ, ఎద్దు మూపురం!" జనం ఒకటే ఈలలు.

వదిన ఆగి విని, "జర గట్టిగ అనాలె తమ్మీ!" అని అరిచింది.

ఎగ్జిబిషన్ తర్వాతి మకాం కోస్తాలో మైకతని సొంతూరేనట. అక్కడ కూడా ఆ పేరే పిలుస్తాడా? పిలవకపోతే వదిన అక్కడికీ బస్సెక్కేలా ఉంది.