అడగకూడని సంగతి

మార్చి 2, ఆదివారం
ఇక్కడ జర్మనీలో, మా మాగ్డెబర్గ్ తెలుగు క్రైస్తవ సహవాసంలో ఈ వారం సాక్ష్యం చెప్పే వంతు మైకేల్‌ది. మాస్టర్స్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. కీబోర్డు వాయిస్తాడు. పంతొమ్మిదేళ్లప్పుడు కాకినాడలో ఏదో గొడవలో ఒకతన్ని ఇనుప రాడ్డుతో కొట్టాడట. అతని కన్ను పోయింది. మైకేల్ ఏడాది జైల్లో ఉన్నాడు. దేవుడు నన్ను అక్కడే పట్టుకున్నాడు అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, గట్టిగానే. తర్వాత అతనే అందరికీ బిర్యానీ వడ్డించాడు. నేను రెండోసారి కూడా వేయించుకున్నాను.

మార్చి 11, మంగళవారం
ఇన్‌బాక్స్‌లో మైకేల్ అప్లికేషన్. మా కంపెనీకే! పంపుల టెస్టింగ్ ఇంజనీర్ పోస్టుకి. మొదటి రౌండ్ ఫోన్ ఇంటర్వ్యూ చేసేది నేనే. ముగ్గుర్ని ఎంచి పైకి పంపాలి. జైలు మాట అందులో ఎక్కడా లేదు. ఈ మహానుభావుడికి ఊళ్ళో ఇంకో కంపెనీ దొరకలేదా?

మార్చి 12, బుధవారం
మా హెచ్ఆర్ హెడ్ ఫ్రౌ ఓల్‌మన్‌ని ఊరికే అడిగినట్టు అడిగాను, కాండిడేట్ మీద పాత కేసు ఉందని బయట ఎక్కడో తెలిస్తే ఏం చేయాలని. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పింది. ఉద్యోగానికి సంబంధం లేని పాత శిక్ష గురించి మనం అడగకూడదట. గూగుల్‌లో తవ్వకూడదట. క్యాషియర్ అయితే దొంగతనం గురించి, డ్రైవర్ అయితే తాగి నడపడం గురించి, అంతవరకే. బయట విన్నది ఫైల్లోకి రాకూడదు అంది. ఎవరి గురించి అని అడగలేదు.

మంచి చట్టమే అనిపించింది. మన దగ్గరైతే పోలీస్ వెరిఫికేషన్ చాలక పక్కింటివాళ్ళని కూడా అడుగుతారు.

సాయంత్రం
అన్నం తింటూ ఆషర్‌కి చెప్పాను. మా ఆయనకి ప్రతిదాంట్లో ముందు ప్రమాదమే కనిపిస్తుంది. రేపు అక్కడ ఏదైనా గొడవైతే నీకు ముందే తెలుసని బయటపడదా, సహవాసంలో అంతమంది విన్నారు కదా అన్నాడు. తర్వాత ఉప్పు అందివ్వమన్నాడు.

మార్చి 18, మంగళవారం
ఫోన్ ఇంటర్వ్యూ అయింది. అంతా జర్మన్‌లోనే. పంపు ప్రెషర్ పడిపోతే ఎలా వెతుకుతావు అని అడిగితే పూసగుచ్చినట్టు చెప్పాడు. నేనే రెండుసార్లు మాట కోసం తడుముకుంటే అతను అందించాడు.

చివర్లో తెలుగులోకి దిగి, జూడీ అక్కా, ఆ కేసు సంగతి నేను చెప్పాలా అండి అన్నాడు. అక్కర్లేదు, నేను అడగడానికే లేదు అన్నాను. థాంక్స్ అక్కా, వీసా జూన్‌తో అయిపోద్ది, ఇది రాపోతే ఇంటికెళ్ళిపోవడమే అన్నాడు.

ఫోన్ పెట్టాక నా మీద నాకే కాస్త గౌరవం కలిగింది.

మార్చి 19, బుధవారం
టెస్టింగ్ షెడ్డు వైపు వెళ్ళాను. ఎక్కడ చూసినా ఇనుప రాడ్లే.

మార్చి 20, గురువారం
ముగ్గురి పేర్లు పంపాను. మైకేల్ లేడు.

కారణం అన్న గడిలో అసలు సంగతి రాయడానికి లేదు. జర్మన్ సరిపోదు అని రాశాను. ఫ్రౌ ఓల్‌మన్ ఒక్క ప్రశ్న వేయలేదు. మీవాళ్ళ సంగతి నీకే బాగా తెలుస్తుంది అంది.

ఈ ఆఫీసులో ఏడేళ్లుగా ఇండియన్‌ని నేనొక్కదాన్నే. నేను పంపినవాడు ఎవరి మీదైనా చేయెత్తితే ఆ మాట నా మీదికే వస్తుంది. భయపడ్డాను. అంతే, ఇంకేం లేదు. అతను మారాడని నేను నమ్మాను కూడా. నమ్మకం స్తోత్రం వరకే వచ్చింది.

మార్చి 23, ఆదివారం
తలనొప్పి అని చెప్పి సహవాసానికి వెళ్ళలేదు. తలనొప్పి లేదు.

మార్చి 30, ఆదివారం
ప్రార్థన అయ్యాక మైకేల్ నా పక్కకొచ్చి, ఉద్యోగం ఎందుకు రాలేదక్కా, వాళ్ళకి ఏమైనా తెలిసిపోయిందా అన్నాడు. లేదు, జర్మన్ అన్నాను.

అతని ముఖం విప్పారింది. హమ్మయ్య, అదైతే నేర్చుకోవచ్చు కదక్కా అన్నాడు. వచ్చే ఆదివారం నుంచి నన్నే నేర్పమన్నాడు.

సరే అన్నాను.