హోయా కాడలూ, మీ కత్తెరా

ఏమండీ,

అక్కకి నొప్పులు మొదలయ్యాయట, ఆస్పత్రికి పోతున్నా. మీరు కొట్టు మూసి వచ్చేసరికి నేనుండను.

కిటికీలో హోయా తీగ మొగ్గ తొడిగింది, చూశారా? మట్టి వేలితో నొక్కి చూసి, పూర్తిగా ఎండితేనే నీళ్లు పోయండి. ఎండ తగలాలని కుండీ జరిపారో, మొగ్గలన్నీ రాలిపోతాయి. పెద్ద కుండీలోకి మార్చే ఉత్సాహమూ వద్దు. దానికి ఇరుకే ఇష్టం, మన సంసారంలాగా.

అసలు సంగతి ఇది. మొగ్గల పక్కన బోడిగా వేలాడే కాడలు దారప్పోగులు కావు మహానుభావా! పూలు రాలినా మళ్లీ పూసేది ఆ కాడల మీదే. పోయినసారి జాకెట్టుకి పోగులు తీసినట్టు అన్నీ కత్తిరించేసి, "ఇప్పుడు నీటుగా ఉంది కదూ?" అని నాకే చూపించారు. టైలర్ని కట్టుకున్న పాపానికి ఏడాదంతా ఆకులు చూస్తూ కూర్చున్నా.

నేను రాకముందే పూస్తే, చీకటి పడ్డాక వాసన గుప్పుమంటుంది. ఆ పూట మిషన్ ఆపేసి కిటికీ దగ్గర కూర్చోండి. నా వంతు కూడా పీల్చండి.

మరిచా: ఇంట్లో కత్తెర కోసం వెతక్కండి, నా బ్యాగులో ఉంది. కొట్టులోది కొట్టులోనే ఉండనివ్వండి. మీ మీద నమ్మకం ఉంది, మీ చేతి మీదే లేదు.